పొయ్యి పక్కన కూర్చున్న మనిషి

ఐన్ ఖాలిద్, దోహా
ఫిబ్రవరి 2016

మాలతీ,

నీ గ్రీకులు క్షేమంగా చేరారు. మా చర్చి సైలస్ సెలవు నుంచి తిరిగొస్తూ నువ్విచ్చిన పాఠ్యపుస్తకం అధ్యాయం కవరు, దాంతోపాటు కందిపొడి డబ్బా తెచ్చి అప్పగించాడు. కందిపొడికి నూటికి నూరు మార్కులు. గ్రీకులకు మాత్రం వేయలేను.

బందరు హాస్టల్లో ఉన్నప్పటి నుంచి నువ్వు రాసిన ప్రతి ముక్కా ముందు చదివేది నేనే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఏథెన్స్ మగవాళ్ళు పొద్దున్నే కొండెక్కి సభ చేశారనీ, చేతులెత్తి చట్టాలు చేసుకున్నారనీ, సాయంత్రం పడకల మీద ఒరిగి ద్రాక్షసారా తాగుతూ సత్యం అంటే ఏమిటో తేల్చుకున్నారనీ పేజీల కొద్దీ రాశావు. బాగుంది. ఆ పూట వాళ్ళింట్లో నీళ్ళు తోడింది ఎవరు? పిండి విసిరింది ఎవరు? "గృహ నిర్వహణలో బానిసలు సహకరించేవారు" అని ఒక్క వాక్యంతో చేతులు దులుపుకున్నావు. సహకరించడం ఏమిటే? కొని తెచ్చుకున్న మనిషి సహకరిస్తుందా? ఇంట్లో ఆడవాళ్ళను పై అంతస్తులో పెట్టి తలుపేసిన సంగతి కూడా అడుగున చిన్న అక్షరాల్లో పెట్టావు. డిగ్రీ పిల్లలు అడుగున ఉన్నది చదవరని నీకు తెలియదా?

నాకు కోపం ఎందుకొచ్చిందంటే, ఇక్కడ ఊరంతా రెండు వేల ఇరవై రెండు ఫుట్‌బాల్ ప్రపంచకప్ జపం చేస్తోంది. మా ఆయన సువార్తరావు స్టేడియం సైటులో సర్వేయరు కదా, ఇంటికొచ్చాక కూడా ఆ గోలే. ఎన్ని సీట్లు, ఎంత ఎత్తు, ఎలాంటి చల్లగాలి. పొద్దున్న నేను స్కూలుకు డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఇండస్ట్రియల్ ఏరియా కూలీల క్యాంపుల నుంచి వచ్చే బస్సులు కనిపిస్తాయి, కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్న మనుషులతో. వాళ్ళ గురించి ఎవరైనా పుస్తకం రాస్తే "నిర్మాణంలో సహకరించేవారు" అని రాస్తారేమో.

అన్నట్టు, మా స్కూలు గేటు దగ్గర ఒక తెలుగామె పరిచయమైంది. పేరు గౌరవ్వ, జగిత్యాల వైపు పల్లె. ముఐథర్‌లో ఒక పెద్దింట్లో పని, ఆ ఇంటి పిల్లలు మా స్కూల్లోనే చదువుతారు. తెలుగు విని ఆవిడ కళ్ళు విప్పారిపోయాయి. మనవాళ్ళ అలవాటు నీకు తెలుసుగా, ఒకసారి మా ఇంటికి రావమ్మా అని, ఇల్లెక్కడో కూడా చెప్పి వచ్చాను.

తరువాతి అధ్యాయం పంపు. ఈసారి వంటింట్లోంచి మొదలుపెట్టు.

నీ దేవి

*

విద్యానగర్, హైదరాబాద్
మార్చి 2016

దేవకుమారి గారికి,

గారూ అన్నానంటే కోపమని గ్రహించగలవు. నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం మానేశాను. తర్వాత ఆకలేసి తిన్నాను.

నువ్వన్నది అబద్ధమని అనను. కానీ ఇది పాఠ్యపుస్తకం. ప్రచురణ సంఘం పెద్ద సత్యనారాయణ గారు మొదటి సమావేశంలోనే చెప్పారు, పిల్లలకు స్ఫూర్తి కలగాలి, చిరాకు కాదు అని. నేను కాంట్రాక్టు లెక్చరర్ని. ఈ పుస్తకం వస్తేనే నా పేరుకు ఒక దారి. అయినా నువ్వడిగావని ఈసారి వంటింట్లోంచే మొదలుపెట్టాను.

గ్రీకు ఇంటి గుమ్మం ముందు కొత్త మనిషి నిలబడితే ముందు కాళ్ళకు నీళ్ళు, తర్వాత భోజనం. ఎవరు నువ్వు, ఏ ఊరు, ఎందుకొచ్చావు అన్న ప్రశ్నలు తిన్న తర్వాతే. పరాయివాడి వెనక దేవతల రాజు జ్యూస్ స్వయంగా నిలబడి చూస్తుంటాడని వాళ్ళ నమ్మకం. శరణు కోరేవాడు ఇంకో మెట్టు పైన. వాడు గుమ్మం దగ్గర ఆగడు. నేరుగా లోపలికొచ్చి పొయ్యి పక్కన బూడిదలో కూర్చుంటాడు. పొయ్యి అంటే హెస్టియా అనే దేవత ఉండే చోటు. అక్కడ కూర్చున్న మనిషిని ఈడ్చి బయట పడేస్తే పాపం ఆ ఇంటికే కాదు, ఊరంతటికీ. ఇంటివాళ్ళు చెయ్యి పట్టుకుని లేపి పీట వేస్తే, ఇక ఆ మనిషి వాళ్ళ అతిథి. అతిథిని శత్రువుకు అప్పగించడం కంటే హీనమైన పని వాళ్ళకు లేదు.

నీ బానిసలకూ ఒక పేరా ఇచ్చాను, చూసుకో. యజమాని పెట్టే బాధలు పడలేని బానిస ఏథెన్స్‌లో థీసియస్ అనే వీరుడి గుడికి పారిపోయి కూర్చోవచ్చు. తనను ఇంకొకరికి అమ్మమని అడిగే హక్కు ఉండేది.

ఇప్పుడైనా మార్కులు వేస్తావా?

మాలతి

*

ఐన్ ఖాలిద్
ఏప్రిల్ 2016

మాలతీ,

ఇంకొకరికి అమ్మమని అడిగే హక్కా? ఇంటికి పంపమని అడిగే హక్కు కాదన్నమాట. ఇక్కడ దాన్ని ఎన్‌ఓసీ అంటారు. పాత యజమాని సరేనని సంతకం పెడితే కొత్త యజమాని దగ్గరకు మారవచ్చు. మీ గ్రీకులు పేటెంటు తీసుకోలేదు పాపం.

అధ్యాయం బాగుంది. నిజంగా బాగుంది. కొన్ని సందేహాలు మాత్రం ఉన్నాయి, పుస్తకం కోసమే అడుగుతున్నాను. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి ఎన్నాళ్ళు ఉండవచ్చు? ఇంటి ఇల్లాలు చెయ్యిచ్చి లేపిందనుకో, భర్త చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి వద్దంటున్నాడనుకో, ఆ చెయ్యి చెల్లుతుందా? వచ్చిన మనిషి యజమాని ఊళ్ళో పెద్దవాడైతే? ఆ ఊరి చట్టమే అప్పగించమంటే వాళ్ళేం చేసేవారు? ఇంకొకటి, శరణు కోరేవాళ్ళు తమకు ఏం అన్యాయం జరిగిందో రుజువు చూపించాలా?

త్వరగా రాయి. ఇవేవీ ఫోన్లో అడగకు. మా ఆయన ఫోను కంపెనీది, నాది స్కూలు వాళ్ళది.

దేవి

*

విద్యానగర్
మే 2016

దేవీ,

ఎవరిని దాచావు?

ఆ గౌరవ్వే కదా. ఫోన్ చేస్తే "బాగున్నాం, ఎండలు" అని పెట్టేశావు. నీ వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. మీ అమ్మాయి ఎవాంజెలిన్ గిన్నెలు తోమే పిల్ల కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబు, ఎందుకంటే అబద్ధం చెప్పలేను. గడువు లేదు. చట్టం అప్పగించమన్న సందర్భాలు ఉన్నాయి. స్పార్టాలో పొలం బానిసలు కొందరు సముద్రదేవుడి గుడిలో తలదాచుకున్నారు. లేవండి, ఏమీ చెయ్యం అని నమ్మబలికి లేపి, తీసుకెళ్ళి చంపారు. ఆ తర్వాత భూకంపం వచ్చి ఊరు నేలమట్టమైతే అది ఆ పాప ఫలమేనని స్పార్టావాళ్ళే చెప్పుకున్నారు. ఏథెన్స్‌లో ఒక తిరుగుబాటు విఫలమై కొందరు దేవత గుడిలో చిక్కుకున్నారు. దేవత విగ్రహానికి తాడు కట్టి, దాని కొస పట్టుకుని విచారణకు దిగి వచ్చారు. దారిలో తాడు తెగింది. దేవతే వదిలేసిందని చెప్పి వాళ్ళను చంపేశారు. చంపించిన పెద్దల వంశానికి తరతరాలు శాపం అంటిందన్నారు. ఇక ఇల్లాలి మాట. చట్టంలో గ్రీకు స్త్రీకి ఏ అధికారమూ లేదు. అయినా పాత గాథల్లో శరణు కోరేవాడికి ఇచ్చే సలహా ఒకటుంది, రాజును దాటి వెళ్ళి రాణి మోకాళ్ళు పట్టుకో అని. రుజువు ఎవరూ అడగరు.

ఇప్పుడు నా మాట విను. ఇవన్నీ రెండున్నర వేల ఏళ్ళ కింద చచ్చిపోయినవాళ్ళ నమ్మకాలు. నీది బతికున్న సంసారం. పారిపోయిన పనిమనిషిని ఇంట్లో పెట్టుకుంటే అక్కడ జరిమానా, జైలు, దేశం నుంచి పంపేయడం అన్నీ ఉంటాయట, కనుక్కున్నాను. ఆ ఇంటి పిల్లలు మీ స్కూల్లోనే. నీ కూతురు పదో తరగతి. ఎంబసీలో అప్పగించి చేతులు కడుక్కో. నేను రాసింది చదివి నువ్విలా చేశావంటే ఆ అధ్యాయం చింపేస్తాను.

నీ మాలతి

*

ఐన్ ఖాలిద్
జూన్ 2016

మాలతీ,

నీ ఉత్తరంలో మొదటి సగం నా మాలతి రాసింది. రెండో సగం ఎవరో సత్యనారాయణ గారు రాశారు.

అధ్యాయం చదివి చేశానని నీకంత గొప్ప అవసరం లేదు. నీ కవరు చేరేసరికే ఆవిడ మా ఇంట్లో ఉంది. మార్చిలో ఒక శుక్రవారం, ఇక్కడ సెలవు ఆ రోజే కదా, చర్చి నుంచి వచ్చేసరికి తలుపు ముందు నిలబడి ఉంది, చేతిలో ప్లాస్టిక్ సంచీ. మా ఇంటికి రా అన్నాను కదా, వచ్చింది. మనం రమ్మంటాం గానీ నిజంగా వస్తారని అనం. ఆవిడకు ఆ సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకునే మనిషి కాదు. సోఫా చూపిస్తే కూర్చోలేదు. నేరుగా వంటింట్లోకి పోయి, గ్యాస్ పొయ్యి గట్టు కింద నేల మీద కూలబడి, "నేనిగ పోనక్కా, మా ఊరికే పోత" అంది. ఆవిడ ఏ పురాణమూ చదవలేదు. అలసిపోయిన ఆడది వంటింట్లో కూర్చుంటుంది, అంతే. ఎండకు పెదవులు పగిలి ఉన్నాయి. చెయ్యిచ్చి లేపాను. చేపల పులుసు, అన్నం పెట్టాను. తర్వాత నీ పేజీలు వచ్చాయి. నేను చేసిన పని అచ్చులో కనబడితే ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

మా ఆయన గొడవ చేశాడు. చేయడా మరి? "కొట్టారా? వాతలేమైనా ఉన్నాయా? ఉంటే కేసుకు బలం ఉంటుంది" అని అడిగాడు. ఎంబసీకి తీసుకెళ్తే అక్కడ కూచున్న మనవాళ్ళు కూడా అదే ప్రశ్న, మంచిగానే అడిగారు. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది, ఎగ్జిట్ పర్మిట్ మీద ఆయన సంతకం లేనిదే విమానం ఎక్కనివ్వరు, హింస ఉంటే త్వరగా కదిలించవచ్చు అన్నారు. పేరు రాసుకున్నారు. వేచి ఉండమన్నారు.

అందరికీ గౌరవ్వ ఒకటే చెప్పింది. ఆ మాటలు నీకు అలాగే రాస్తున్నాను. "కొట్టలే. తిండి పెట్టిన్రు, పండుగకు బట్టలు గూడ పెట్టిన్రు. రెండేండ్లకు పంపుతమని తెచ్చిన్రు, అవి ఎప్పుడో దాటినయ్. పోతనంటె నవ్వుతరు. నాకు పోవాలనుంది. గంతే."

ఇంతకంటే కారణం ఏం కావాలి? వాతలు ఉంటేనే మనిషి ఇంటికెళ్ళాలా? మా ఆయన సెలవు అడిగినప్పుడు వీపు చూపించాడా? నాకు ఒళ్ళు మండిపోయింది. నీ గ్రీకులు గుడిలో కూర్చున్న బానిసను కూడా రుజువులు అడగలేదు. మేము మనిషిని కళ్ళెదుట పెట్టుకుని దెబ్బల కోసం వెతుకుతున్నాం.

గట్టిగా చెబుతున్నాను, అప్పగించను. పంపేస్తే పంపేయనీ. ఎవాంజెలిన్ చదువు భీమవరంలో కూడా సాగుతుంది. ఆ పిల్ల తన గది గౌరవ్వకు ఇచ్చి, హాల్లో పడుకుంటోంది, ఎవరూ చెప్పకుండానే. ఆ అధ్యాయం చింపావంటే మాత్రం నీతో మాట్లాడను.

దేవి

*

విద్యానగర్
జూలై 2016

దేవీ,

చింపలేదు. ఇంకా పెంచాను.

నిన్నటి సమావేశంలో సత్యనారాయణ గారు బానిసల పేజీలన్నీ తీసేయమన్నారు. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అని చెబుతూ ఈ మురికి ఎందుకమ్మా అన్నారు. ఆ మురికి కడిగినవాళ్ళ పేజీలే అవి, తీయను అన్నాను. అయితే పుస్తకం ఆగుతుంది అన్నారు. ఆగనీయండి అన్నాను. బయటికొచ్చి బస్టాపులో రెండు బస్సులు వదిలేశాను. ఇప్పటికీ భయంగానే ఉంది, కాంట్రాక్టు వచ్చే జూన్ వరకే. కానీ నిద్ర బాగా పట్టింది.

మీ గురించి నా భయం మాత్రం తగ్గలేదు. తలుపు ఎవరు కొట్టినా ముందు చూసి తియ్యి. ఆవిడకు నా పేరు చెప్పు. ఏ రోజు దిగినా శంషాబాద్ విమానాశ్రయంలో నేనుంటానని చెప్పు.

మాలతి

*

ఐన్ ఖాలిద్
ఆగస్టు 2016

మాలతీ,

తలుపు కొట్టారు. చూసే తీశాను.

గౌరవ్వ పనిచేసిన ఇంటి పెద్దావిడ. ఉమ్ సాలెం అంటారు, అంటే సాలెం తల్లి. ముసలావిడ, మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర. గౌరవ్వ ముఖ్యమైన పని ఈవిడ కాళ్ళు పట్టడం, స్నానం చేయించడం. కూడా వాళ్ళ డ్రైవర్ జహాంగీర్ వచ్చాడు, బోధన్ మనిషి, మన తెలుగు వచ్చు. మా ఇల్లు ఎలా కనుక్కున్నారో తర్వాత తెలిసింది. మా ఎవాంజెలిన్, గౌరవ్వ కలిసి సూపర్ మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుతుంటే అతను చూశాడట. ఆవిడ కొడుక్కి, అంటే ఆ ఇంటి యజమానికి చెప్పకుండా ముసలావిడకే చెప్పాడు.

నేను లోపలికి రమ్మన్నాను. వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టే పద్ధతి మనకూ లేదు కదా. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, మొహం పాలిపోయింది. టీ పెట్టి ఇచ్చాను. ఆవిడ కప్పు అందుకుని బల్ల మీద పెట్టేసింది. చక్కెర తక్కువైందేమో, వీళ్ళకు తీపి ఎక్కువ కావాలి అనుకుని చెంచాడు వేశాను. ముట్టుకోలేదు. ఇంకో చెంచా వేశాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. అప్పుడు జహాంగీర్ గొంతు తగ్గించి చెప్పాడు. "చక్కెర గురించి గాదక్కా. వీళ్ళకు ఒక రివాజున్నది. ఏదన్న అడగనీకి ఇంటికొస్తే, ఇస్తమన్న మాట వచ్చేదాక కప్పు ముట్టరు. గౌరవ్వను అడుగుతున్నది."

మాలతీ, అప్పుడు నాకు భయం వేయాలి. వేయలేదు. నా కప్పు కూడా తీసుకెళ్ళి ఆవిడ కప్పు పక్కనే పెట్టాను. "అయితే నేనూ ముట్టనని చెప్పు. గౌరవ్వను ఇంటికి పంపే కాగితం ఇస్తాననేదాకా" అన్నాను. మా ఆయన అప్పటికే ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మింగాలో మానాలో తెలియక కాసేపు అలాగే ఉండి, చివరికి మింగి, తన కప్పు కూడా తెచ్చి ఆ రెండింటి పక్కన పెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నాకు అంత నచ్చింది లేదు.

గౌరవ్వ వంటింట్లోంచి తనే వచ్చి నిలబడింది. ముసలావిడ కళ్ళు తడి అయ్యాయి. నా పళ్ళెంలోంచి తీసి పెట్టాను కదా, నీకేం తక్కువ చేశాను అని అడిగింది. జహాంగీర్ తెలుగులో చెప్పేలోపే గౌరవ్వ తనకొచ్చిన అరబ్బీలో జవాబిచ్చింది, మళ్ళీ నాకోసం తెలుగులో చెప్పింది. "నువ్వేం తక్కువ జెయ్యలే. నీ కాళ్ళు నేను ఇష్టంగనే పట్టిన. కాని నేను నీ కాళ్ళ కోసం పుట్టలే."

టీ మీద మీగడ కట్టింది. తర్వాత ఆవిడ కర్ర పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి ఏదో చెబితే జహాంగీర్ తెలుగు చేశాడు. వాళ్ళ నాన్న డేరాలోకి శరణని వచ్చినవాణ్ణి ఆయన కూడా ఎవరికీ ఇవ్వలేదట. నువ్వు ఇచ్చి ఉంటే నీ టీ తాగేదాన్ని, నిన్ను మాత్రం చీదరించుకునేదాన్ని అందట. "నా కోపం పోలేదు. కొడుక్కు ఈ తలుపు నేను చూపియ్య. వాడే చూసుకుంటె ఆపను."

కప్పు ముట్టకుండానే వెళ్ళిపోయింది. నీ గ్రీకులకు ఇక్కడ బంధువులున్నారే. ఆ అధ్యాయంలో వీళ్ళకూ చోటివ్వు.

దేవి

*

విద్యానగర్
సెప్టెంబర్ 2016

దేవీ,

ఆ మూడు కప్పులూ నా కళ్ళముందు నుంచి కదలడం లేదు. కానీ ఆవిడ కొడుకు చూసుకుంటే? వేరే ఇల్లు చూడండి. డబ్బు కావాలంటే పంపుతాను. అక్కడ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించిందని పేపర్లో చదివాను, నిజమేనా? పుస్తకం సంగతి అడగకు, సత్యనారాయణ గారూ నేనూ ఒకరినొకరం చూసుకోవడం మానేశాం. ఒక చిన్న ప్రెస్సు వాళ్ళు మొత్తం అడిగారు, ఒక్క పేజీ తీయకుండా.

మాలతి

*

ఐన్ ఖాలిద్
అక్టోబర్ 2016

మాలతీ,

క్షమాభిక్ష నిజమే. యజమాని సంతకం లేకుండా, కేసు లేకుండా, టికెట్ చూపిస్తే వెళ్ళిపోవచ్చు. కొడుకు చూసుకోవడమూ నిజమే. స్కూల్లో నన్ను పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. పిల్లల తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదు అన్నారు. ఏ ఫిర్యాదో చెప్పమని గట్టిగా అడిగితే తలలు వంచుకున్నారు. ఏడవలేదు. నా సామాను నేనే మోసుకుని వచ్చాను. మా ఆయన ఉద్యోగం ఈ నెల వరకు ఉంది, వచ్చే నెల సంగతి వచ్చే నెల. స్టేడియం నేను లేకపోయినా లేస్తుంది అన్నాడు, నవ్వుతూనే.

ఆ క్షమాభిక్ష అన్న మాట గౌరవ్వకు ఎక్కలేదు. "నేనేం తప్పు జేసిన, నన్ను క్షమించనీకి?" అని కారు ఎక్కనంది. బతిమాలి ఎక్కించాం. మా ఆయన సైటులో ముఖ్యమైన కొలతల రోజు సెలవు పెట్టి తనే నడిపాడు.

ఆ ఆఫీసు హాలు నిండా మనుషులు, నేపాలీలు, బెంగాలీలు, మనవాళ్ళు. కౌంటర్‌లో యువకుడు మర్యాదగానే ఉన్నాడు. ప్రతి ఒక్కరినీ ఎందుకు వెళ్తున్నావని అడిగి రాసుకుంటున్నాడు. మా ముందున్నవాళ్ళంతా తల దించుకుని చెబుతున్నారు, నాన్న పోయాడని, అమ్మకు ఆపరేషన్ అని, పిల్ల పెళ్ళి అని. కొన్ని నిజాలు, కొన్ని కావు. అలా చెబితే పని తొందరగా అవుతుందని వరుసలో అందరికీ తెలుసు. నేను కూడా గౌరవ్వ చెవిలో అమ్మకు బాగాలేదని చెప్పు అన్నాను. నేనే అన్నాను మాలతీ, ఇంత గొంతు చించుకున్నదాన్ని.

ఆవిడ నా వైపు ఒకసారి చూసి కౌంటర్ వైపు తిరిగింది. తల దించలేదు. "మా అమ్మ సచ్చి ఏండ్లాయె. ఎవ్వలికి ఏం గాలే. నాకు పోవాలనుంది, పోతున్న. గట్లనే రాయుమను" అంది. నేను అతనికి వచ్చిన హిందీలో చెప్పాను. అతను పెన్ను ఆపి, అదేనా కారణం అని అడిగాడు. ఆవిడ అరబ్బీలో తనే అవునంది. వెనక వరుసలో ఒక నేపాలీ కుర్రాడు నవ్వాడు, వెక్కిరింపుగా కాదు. కౌంటర్‌లో యువకుడు మళ్ళీ ఒక క్షణం ఆవిడ మొహం చూశాడు. తర్వాత రాశాడు. ముద్ర వేశాడు.

శుక్రవారం విమానం. నువ్వు ముందే వెళ్ళి నిలబడు, ఆవిడ నిన్ను గుర్తుపట్టేలా పెద్దగా చెయ్యి ఊపు. ఏమైంది, ఎలా ఉన్నావు అని మాత్రం అడగకు. చెప్పాలనుకుంటే ఆవిడే చెబుతుంది.

నీ దేవి